ఆగి ఆగి సాగే ఊపిరి
(యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు వినగానే మనకు ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్, బోదకాలుకు వాడే హెట్రజాన్ గుర్తుకొస్తాయి. ఈ సాయంత్రం నేను మాట్లాడే విషయం ఆయన అంతకు ముందు చేసిన పనిలో మొదలవుతుంది. 1895లో భీమవరంలో పుట్టిన ఆ శాస్త్రజ్ఞుడు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కండరంలో గుర్తించారు. కణానికి ఏటీపీ చేతిలో ఆడే రొక్కం. ఫాస్ఫోక్రియాటిన్ కొంగున ముడివేసి దాచుకున్న సొమ్ము. ఆక్సిజన్ అందకపోతే రొక్కం రావడం మందగిస్తుంది, ముడి విప్పక తప్పదు. 1980ల తొలినాళ్లలో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ వైద్యులు అయస్కాంత పరికరంతో, సూది గుచ్చకుండా, పసిబిడ్డ మెదడులో ఆ ముడిలో ఎంత మిగిలిందో కొలవగలిగారు. పుట్టేటప్పుడు ఊపిరాడక బయటపడ్డ బిడ్డల్లో మొదటి రోజు లెక్క దాదాపు మామూలుగానే ఉండేది. రంగు తిరిగింది, గండం గడిచింది అని అందరూ స్తిమితపడే వేళకు, రెండో రోజునో మూడో రోజునో, నిల్వ పడిపోయేది. దెబ్బ తగిలిన క్షణం వేరని, నష్టం జరిగే కాలం వేరని ఆ కొలత మొదటిసారి కళ్లకు కట్టింది. సుబ్బారావు గారు పేరు పెట్టి ప్రపంచానికి చూపిన పదార్థం, ఆయన కన్నుమూసిన మూడు దశాబ్దాల పైచిలుకు తర్వాత, పసిమెదడు యోగక్షేమాలు చెప్పే సాక్షి అయింది.

పుట్టేటప్పుడు ఒక్కసారిగా ఊపిరాడకపోవడం తుఫాను లాంటిది. దాన్ని అందరూ గుర్తిస్తారు. ప్రసవగది అంతా పరుగెడుతుంది, కేస్ షీటులో నమోదవుతుంది, తల్లిదండ్రులకు జన్మంతా గుర్తుంటుంది. నేను మాట్లాడబోయేది ముసురు గురించి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ కొన్ని సెకన్లపాటు ఊపిరి ఆపుతాడు, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మానిటర్ కూస్తుంది, నర్సు వచ్చి పాదం తడుతుంది, బిడ్డ మళ్లీ ఊపిరి తీస్తాడు, అంకె పైకి లేస్తుంది. అర నిమిషంలో అంతా సర్దుకుంటుంది. ఇది రోజుకు పదుల సార్లు, కొందరిలో వందకు పైగా జరుగుతుంది, వారాల తరబడి సాగుతుంది. విడిగా చూస్తే ఏ ఒక్క పతనమూ భయపెట్టేంతది కాదు. నా వాదన ఏమిటంటే, ఈ పడిలేవడాల మొత్తానికి ఎదిగే మెదడు మూల్యం చెల్లిస్తోందనడానికి ఆధారాలు ఇప్పుడు బలంగా ఉన్నాయి. అయినా మన వార్డులు ఆ క్షణంలో కనిపించే అంకెను చూస్తున్నాయి తప్ప మొత్తాన్ని లెక్కపెట్టడం లేదు.

ముందు ఈ బిడ్డ ఎందుకు ఊపిరి ఆపుతాడో చూద్దాం. తల్లి కడుపులో ఊపిరితిత్తులతో పని లేదు, మాయ ద్వారా ఆక్సిజన్ వస్తుంది. ఊపిరిని నడిపే నాడీకేంద్రాలు మెదడు కాండంలో నెమ్మదిగా, చివరి వారాల దాకా అల్లుకుంటూ ఉంటాయి. ఇరవై ఆరో వారంలో పుట్టిన బిడ్డకు ఆ అల్లిక సగంలో ఉంది. పెద్దవాళ్లకు ఆక్సిజన్ తగ్గితే ఊపిరి వేగం పెరుగుతుంది. ఈ బిడ్డకు కాసేపు పెరిగి, ఆ తర్వాత ఉన్నదానికంటే తగ్గిపోతుంది. ఎముక గట్టిపడని పక్కటెముకలు ఊపిరి తీసినప్పుడు లోపలికి నొక్కుకుపోతాయి, గొంతు మూసుకుపోతుంది. ఊపిరితిత్తుల్లో నిల్వ ఉండే గాలి తక్కువ, కిలో బరువుకు ఖర్చయ్యే ఆక్సిజన్ పెద్దవాళ్లతో పోలిస్తే రెట్టింపు. అందుకే మనం గమనించని పది సెకన్ల విరామం ఈ బిడ్డలో శాచురేషన్‌ను, అంటే రక్తం మోసే ఆక్సిజన్ శాతాన్ని, తొంభై నుంచి డెబ్బైకి దించేస్తుంది. ఇరవై సెకన్లు దాటి ఊపిరి ఆగినా, అంతకు తక్కువే అయినా గుండె వేగమో ఆక్సిజనో పడిపోయినా దాన్ని వైద్యులు ఆప్నియా అంటారు. ముప్ఫై నాలుగు, ముప్ఫై ఐదు వారాలకు పుట్టినవారిలో నూటికి ఏడుగురికి, ముప్ఫై, ముప్ఫై ఒకటి వారాలకు పుట్టినవారిలో సగానికి పైగా, ఇరవై ఎనిమిది వారాల లోపువారిలో దాదాపు అందరికీ ఇది ఉంటుంది. మరో విషయం వినేవారికి వింతగా తోచవచ్చు. ఈ పతనాలు పుట్టిన మొదటి వారంలో తక్కువ. రెండో వారం నుంచి పెరిగి, నాలుగో వారం ప్రాంతంలో శిఖరానికి చేరి, ఆరు, ఎనిమిది వారాలకు దిగివస్తాయి. అంటే బిడ్డ గట్టెక్కాడని మనం నమ్మకం పెంచుకొనే రోజుల్లోనే ముసురు ముదురుతుంది.

సరిగ్గా ఆ వారాల్లో మెదడులో ఏం జరుగుతోంది? ముప్ఫై నాలుగో వారంలో మెదడు బరువు నిండు నెలల బిడ్డ మెదడు బరువులో అరవై అయిదు శాతమే. మిగిలిన మూడో వంతుకు పైగా ఆఖరి ఆరు వారాల్లో పెరగాల్సి ఉంది. బరువు ఒక్కటే అయితే ఆహారంతో సరిపోయేది. ఇరవై మూడు నుంచి ముప్ఫై రెండు వారాల మధ్య మెదడు లోపలి తెల్లపదార్థంలో ఒక జాతి కణాలు గుంపులుగా తయారవుతాయి. తర్వాతి కాలంలో నాడీతంతువులకు మైలిన్ తొడుగు వేయాల్సింది ఇవే. ఈ లేత దశలో వాటికి ఆక్సిజన్ దెబ్బను తట్టుకొనే శక్తి తక్కువ. గ్లూటమేట్ అనే నాడీరసాయనం ఎక్కువైతే కుంగిపోతాయి, ఫ్రీ రాడికల్స్‌ను అణచే ఎంజైములు వాటిలో ఇంకా చాలినంత లేవు. చచ్చిన కణాల స్థానంలో కొత్తవి పుట్టినా, చాలా సందర్భాల్లో అవి పెద్దవి కాకుండా అక్కడే ఆగిపోతాయి. తంతువు ఉంటుంది, తొడుగు పలచబడుతుంది. జ్ఞాపకానికి ఆధారమైన హిప్పోకాంపస్, కదలికలను సవరించే చిన్నమెదడు, మెదడు పైపొరకు దారులు వేసి తర్వాత తప్పుకొనే సబ్‌ప్లేట్ నాడీకణాలు, ఇవన్నీ అదే కాలంలో నిర్మాణంలో ఉంటాయి. మన వార్డుల్లో బిడ్డ తలకు చేసే అల్ట్రాసౌండ్ రక్తస్రావాన్ని చూపిస్తుంది, పెద్ద బుడగలను చూపిస్తుంది. మెదడంతటా పరుచుకొన్న ఈ పలుచదనాన్ని చూపించలేదు. ‘స్కాన్ నార్మల్’ అన్న మాటను తల్లిదండ్రులు ‘మెదడుకు ఏమీ కాలేదు’ అని అర్థం చేసుకుంటారు. ఆ మాటకు అంత అర్థం లేదు.

ఆక్సిజన్ పడిపోవడం ఒక్కటే అపకారి అని అనుకోవడం సహజం. తిరిగి రావడమూ అపకారమే. బావి మోటారు ఉన్న రైతుకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కరలేదు. కరెంటు పోయినందుకు మోటారు కాలదు, వోల్టేజీ పడిపోతూ ఒక్కసారిగా ఎగదన్నుతూ ఉంటే చుట్ట కాలిపోతుంది. ఆక్సిజన్ లేని కాసేపట్లో కణంలోని ఇంధన యంత్రాలు, అంటే మైటోకాండ్రియాలు, తారుమారవుతాయి. ఆక్సిజన్ వరదలా తిరిగి వచ్చినప్పుడు అవి దాన్ని పూర్తిగా వాడుకోలేక దూకుడు రాడికల్స్‌గా మార్చి వదులుతాయి. నిండు నెలల బిడ్డకు వీటిని తటస్థం చేసే ఎంజైములు చివరి వారాల్లోనే సమకూరుతాయి, ఈ బిడ్డ ఆ వారాలను కడుపులో గడపలేదు. ఈ విషయాన్ని కంటిలో చక్కగా చూడవచ్చు, ఎందుకంటే రెటీనా పిండదశలో మెదడు నుంచే మొలిచిన భాగం. జాన్ పెన్, ఆయన సహచరులు 1990లలో ఎలుకపిల్లలను ఒక రోజు యాభై శాతం ఆక్సిజన్‌లో, మర్నాడు పది శాతంలో, ఇలా మార్చి మార్చి ఉంచారు. నెలలు నిండని బిడ్డల కంటిలో వచ్చే రక్తనాళాల వ్యాధిని పోలిన జబ్బు వాటిలో గట్టిగా వచ్చింది. నిలకడగా ఎక్కువ ఆక్సిజన్ పెట్టినప్పటికంటే ఊగిసలాటలో జబ్బు అసలు వ్యాధికి దగ్గరగా ఉంది.

ఈ ఊగిసలాటకు, నిలకడగా తక్కువ ఆక్సిజన్‌కు కణం స్పందించే తీరే వేరని షికాగో విశ్వవిద్యాలయంలో నండూరి ప్రభాకర్ బృందం చూపింది. ఆక్సిజన్ తగ్గిందని కణానికి తెలిపే ప్రోటీన్లలో హిఫ్-1, హిఫ్-2 ముఖ్యమైనవి. హిఫ్-1ను కనుగొన్న గ్రెగ్ సెమెంజాకు 2019లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. నిలకడగా ఆక్సిజన్ తక్కువైతే రెండూ పెరుగుతాయి. వస్తూ పోతూ ఉంటే హిఫ్-1 పెరిగి హిఫ్-2 తగ్గుతుంది. రాడికల్స్‌ను అణచే ఎంజైముల తయారీకి ఆదేశమిచ్చేది హిఫ్-2 కనుక, కణం రక్షణ వదులుకొని మంటను ఎగదోసుకున్నట్లు అవుతుంది. పుట్టిన మొదటి పది రోజులు ఇలాంటి ఊగిసలాటకు గురైన ఎలుకపిల్లలు పెద్దయ్యాక కూడా ఊపిరి ఆపుతుండేవి, వాటి రక్తపోటు ఎక్కువగా ఉండేది. కారణం వెతికితే, రక్షక ఎంజైము జన్యువు మీద మిథైల్ ముద్రలు పడి అది మూగబోయి ఉంది. జన్యువు అక్షరం మారలేదు, దాన్ని చదివే తీరు మారింది. డేవిడ్ గోజల్ బృందం వేర్వేరు వయసుల ఎలుకలను పోల్చి చూసింది. పుట్టిన పదో రోజు నుంచి ఇరవై అయిదో రోజు మధ్య ఉన్నవాటి హిప్పోకాంపస్‌లో, మెదడు పైపొరలో ఎక్కువ కణాలు చనిపోయాయి. అంతకు చిన్నవాటిలోనూ పెద్దవాటిలోనూ నష్టం తక్కువ. ఎలుక ఈడును మనిషి ఈడుకు తూచి సరిపెట్టడం కష్టమే. అయినా మెదడుకు ఒక బలహీన వయసు ఉంటుందన్నది గట్టి సమాచారం.

ఇక మనుషుల సంగతి. కెనడా ఆక్సిజన్ ట్రయల్ పేరుతో ఆరు దేశాల్లోని 25 ఆస్పత్రులలో, ఇరవై మూడు నుంచి ఇరవై ఏడు వారాల మధ్య పుట్టిన వెయ్యికి పైగా బిడ్డల శాచురేషన్‌ను ప్రతి పది సెకన్లకు ఒకసారి, కనీసం ముప్ఫై ఆరో వారం ఈడు దాకా నమోదు చేశారు. క్రిస్టియన్ పోయెట్స్, బార్బరా ష్మిట్ తదితరులు ఆ లెక్కలను 2015లో ప్రచురించారు. శాచురేషన్ ఎనభైకి తగ్గిన సమయం అందరికంటే తక్కువగా ఉన్న పదోవంతు బిడ్డల్లో అది 0.4 శాతం. అందరికంటే ఎక్కువ ఉన్న పదోవంతులో 13.5 శాతం. శాతాలను గడియారంలోకి మార్చి చూడండి. మొదటివారికి రోజుకు సుమారు ఆరు నిమిషాలు, రెండోవారికి మూడు గంటల పైచిలుకు. ఇదే తీరు పది వారాలు సాగితే రెండోవారు మొత్తం మీద తొమ్మిది రోజులకు పైగా ఆ లోతులో గడిపినట్లు. పద్దెనిమిది నెలల ఈడుకు మరణమో వైకల్యమో వచ్చే అవకాశం మొదటి గుంపులో 36.9 శాతం, రెండో గుంపులో 56.5 శాతం. నా వాదనకు అన్నిటికంటే ముఖ్యమైన ఫలితం ఇంకొకటి ఉంది. ఒక నిమిషం గాని అంతకు మించి గాని సాగిన పతనాలకే ఈ సంబంధం కనిపించింది. అంతకు తక్కువ సాగినవాటికి కనిపించలేదు. నేను చెబుతున్న ప్రమాదానికి ఇది ఒక హద్దు గీస్తుంది, ఆ హద్దును దాచకూడదు. ఇరవై సెకన్లలో తేరుకొన్న ప్రతి పతనానికీ తల్లి గుండెలు బాదుకోనక్కరలేదు. నిమిషం దాటనివ్వకుండా చూడటమే వార్డు చేయగలిగిన పని, చేయాల్సిన పని.

ఇక్కడ జాగ్రత్తగల వైద్యుడు ఆపి అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఊపిరితిత్తులు పాడైన బిడ్డకు, ఇన్ఫెక్షన్ సోకిన బిడ్డకు, మెదడులో ముందే రక్తస్రావమైన బిడ్డకు ఊపిరి ఎక్కువసార్లు ఆగుతుంది. ఆ బిడ్డలే తర్వాత వెనకబడతారు. పతనాలు నష్టానికి కారణమా, ముందే జరిగిన నష్టానికి గుర్తా? ఇది న్యాయమైన అభ్యంతరం. దీన్ని మరింత బలపరిచే ఆధారమూ ఉంది. శాచురేషన్‌ను 85 నుంచి 89 మధ్య ఉంచాలా, 91 నుంచి 95 మధ్య ఉంచాలా అన్నది అయిదు పెద్ద ట్రయల్స్‌లో పరీక్షించి, 4,965 మంది బిడ్డల లెక్కలను 2018లో కలిపి చూశారు. తక్కువ లక్ష్యం పెట్టిన గుంపులో 19.9 శాతం, ఎక్కువ లక్ష్యం పెట్టిన గుంపులో 17.1 శాతం చనిపోయారు. తక్కువ లక్ష్యంలో పతనాలు ఎక్కువ జరుగుతాయని ఆ ట్రయల్స్‌లో ఒకదాని నుంచి ముందే తెలుసు. అయినా మరణం, వైకల్యం రెండూ కలిపిన లెక్కలో గుంపుల మధ్య గట్టి తేడా తేలలేదు. పతనాలే మెదడును దెబ్బతీస్తే ఈ తేడా కనిపించాలి కదా అని అడగవచ్చు. నా సమాధానం ఇది. ఆ ట్రయల్స్ పరీక్షించింది సగటు మట్టాన్ని, ఊగిసలాటను కాదు. ఆచరణలో రెండు గుంపుల శాచురేషన్‌లు చాలావరకు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇదంతా ఒప్పుకున్నా, పరిశీలనల ఆధారంగా మాత్రమే కారణం రుజువైందని నేను అనను. ఏ జబ్బూ లేని ఎలుకపిల్లకు ఊగిసలాట ఒక్కటే పెట్టి, నష్టం చూపిన ప్రయోగాలే ఆ ఖాళీని పూడుస్తాయి. రెండూ కలిపి చూస్తేనే వాదన నిలబడుతుంది.

మూడో ఆధారం కెఫీన్. మన కాఫీలో ఉండే పదార్థమే. మెదడు కాండంలో ఊపిరిని అణచే అడెనోసిన్‌కు అడ్డుపడి ఊపిరిని నిలబెడుతుంది. 500 నుంచి 1,250 గ్రాముల బరువుతో పుట్టిన 2,006 మందిని రెండు గుంపులుగా చీటీ వేసి విడదీసి, ఒక గుంపుకు కెఫీన్, మరో గుంపుకు మందు లేని ద్రావణం ఇచ్చారు. ఫలితాలు 2006, 2007లలో వచ్చాయి. పద్దెనిమిది నెలల ఈడు దాటాక మరణమో వైకల్యమో ఉన్నవారు కెఫీన్ గుంపులో 40.2 శాతం, రెండో గుంపులో 46.2 శాతం. సెరిబ్రల్ పాల్సీ 4.4 శాతం, 7.3 శాతం. అయిదేళ్లకు తేడా చాలావరకు తగ్గిపోయింది, దాన్ని చూసి కొందరు నిరుత్సాహపడ్డారు. పదకొండేళ్లకు మళ్లీ పరీక్షిస్తే కదలికల లోపం కెఫీన్ పొందినవారిలో 19.7 శాతం, పొందనివారిలో 27.5 శాతం. చేతిరాత, పరుగు, బంతి పట్టడం, ఇలాంటి బడి ఈడు పనుల్లో బయటపడే మేలు అది. కెఫీన్ ఊపిరి ఒక్కదాన్నే సవరించదన్నది నిజం. బిడ్డను వెంటిలేటర్ నుంచి దాదాపు వారం ముందే విడిపించింది. మేలులో సుమారు సగం అందువల్లేనని పరిశోధకులే లెక్కగట్టారు. అందుకని కెఫీన్ ఫలితాన్ని పతనాల సిద్ధాంతానికి పూర్తి రుజువుగా నేను చూపను. ఊపిరిని నిలకడగా ఉంచే ఏర్పాటు మెదడుకు పదేళ్ల తర్వాత కూడా మేలు చేయగలదు అనడానికి మాత్రం ఇంతకంటే మంచి సాక్ష్యం మన దగ్గర లేదు.

మరో అభ్యంతరం చూడటానికి చాలా అందంగా ఉంటుంది. తల్లి గర్భంలో బిడ్డ బతికేదే తక్కువ ఆక్సిజన్‌లో. దాన్ని చూసి శరీరధర్మ శాస్త్రవేత్త జోసెఫ్ బార్‌క్రాఫ్ట్ గర్భస్థ శిశువు స్థితిని ఎవరెస్ట్ శిఖరంతో పోల్చాడు. పుట్టిన మొదటి నిమిషంలో ఆరోగ్యవంతుడైన బిడ్డ శాచురేషన్ అరవై ప్రాంతంలో ఉంటుంది, ఎనభై అయిదు దాటడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అంతటి అలవాటున్న మెదడుకు ఎనభై ఎందుకు హాని చేస్తుంది? ఎవరెస్ట్ మీద స్థిరంగా ఉండటం ఒకటి, రోజుకు వందసార్లు ఎవరెస్ట్ ఎక్కి భీమవరం దిగడం ఒకటి. గర్భంలో ఆక్సిజన్ తక్కువే, అయినా నిలకడగా ఉంటుంది. దానికి తగ్గట్టు రక్తప్రవాహం, పిండ హిమోగ్లోబిన్, నిదానమైన ఖర్చు అన్నీ అమరి ఉంటాయి. బయటికి వచ్చాక ఆ అమరిక చెదిరిపోతుంది. ఊపిరి తీయడానికి, వేడి నిలుపుకోవడానికి, పాలు అరిగించుకోవడానికి ఖర్చు పెరుగుతుంది. ఊపిరి ఆగినప్పుడు చాలాసార్లు గుండె వేగమూ పడిపోతుంది కనుక మెదడుకు చేరే రక్తమే తగ్గుతుంది. గర్భంలోని బిడ్డకు వరదలా తిరిగి వచ్చే ఆక్సిజన్ బాధ లేదు. కొద్దిపాటి ఆక్సిజన్ లోటు శరీరాన్ని గట్టిపరుస్తుందన్న మాట కూడా వింటుంటాం. పెద్దవారిలో వెన్నుపాము దెబ్బతిన్నాక కొలిచి ఇచ్చే కొద్దిపాటి ఆక్సిజన్ లోటు విడతలు కదలికకు తోడ్పడతాయన్న పరిశోధనలు నిజమే. అది వైద్యుడు తూచి ఇచ్చే మోతాదు. ఇక్కడ మోతాదు ఎవరూ నిర్ణయించలేదు, ఎవరూ లెక్కపెట్టలేదు కూడా.

అలాగైతే ఆక్సిజన్ ఎక్కువే ఇచ్చేద్దాం అనే మాట వస్తుంది. ఆ దారిలో లోకం ఒకసారి నడిచింది. 1940లలో ఇంక్యుబేటర్లలో ఆక్సిజన్ ధారాళంగా పెట్టారు, వేలమంది బిడ్డలు చూపు కోల్పోయారు. 1951లో మెల్‌బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ ఆక్సిజన్‌ను అనుమానించారు, కొద్ది ఏళ్లకే అమెరికా ట్రయల్ దాన్ని నిర్ధారించింది. దాంతో గడియారం లోలకంలా రెండో కొసకు వెళ్లి ఆక్సిజన్‌ను బిగబట్టారు. అలా కాపాడిన ఒక్కొక్క చూపుకు సుమారు పదహారు ప్రాణాలు పోయి ఉంటాయని కెనెత్ క్రాస్ 1973లో అంచనా వేశారు. మన దగ్గర ఈ చరిత్ర ఇంకా ముగియలేదు. 1990ల చివర్లో హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రిలో డాక్టర్ సుభద్రా జలాలి జంటనగరాల నవజాత వార్డులకు వెళ్లి బిడ్డల కళ్లు పరీక్షించే పని మొదలుపెట్టారు. పాశ్చాత్య దేశాల్లో కంటి రక్తనాళాల ఈ జబ్బు రాని బరువున్న బిడ్డలకు కూడా మన దేశంలో అది వస్తోంది. అందుకే మన జాతీయ నియమాలు రెండు కిలోల లోపు పుట్టిన, లేదా ముప్ఫై నాలుగు వారాల లోపు పుట్టిన బిడ్డలందరికీ నెల తిరగకముందే కంటి పరీక్ష చేయమంటాయి. శాచురేషన్ పడిపోగానే ఆక్సిజన్ పిడిని పూర్తిగా తిప్పి, అంకె వందకు చేరాక దించడం మరచిపోవడం కంటి జబ్బునూ మెదడు నష్టాన్నీ ఒకేసారి పిలిచే అలవాటు. పడిపోయిన ఆక్సిజన్‌ను నెమ్మదిగా, అవసరమైనంతే ఎత్తాలి, తేరుకోగానే పాత మట్టానికి తేవాలి.

లెక్కపెట్టడం లేదని మొదట్లో అన్నాను, ఆ మాటకు ఆధారం చెప్పాలి. మూడు దేశాల్లోని పద్నాలుగు ఆస్పత్రుల్లో ఆక్సిజన్ మీద ఉన్న బిడ్డలను పరిశీలించి 2006లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఆస్పత్రి తానే పెట్టుకొన్న హద్దుల్లో బిడ్డలు గడిపింది 48 శాతం సమయం. 36 శాతం హద్దుకు పైన, 16 శాతం కింద. మంచి పరికరాలు, శిక్షణ పొందిన నర్సులు ఉన్న చోట్ల పరిస్థితి ఇది. నర్సు చార్టులో రాసిన పతనాలను మానిటర్ రికార్డుతో పోల్చిన ప్రతిసారీ చార్టులో చాలా తక్కువ తేలాయి. ఇది నర్సుల తప్పు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఒకేసారి ఎందరో బిడ్డలను చూసే మనిషి ప్రతి పది సెకన్ల పతనాన్ని రాయలేరు. పరికరం కూడా మనల్ని మభ్యపెట్టగలదు. పల్స్ ఆక్సీమీటర్ చూపే అంకె కొన్ని సెకన్ల సగటు. సగటు కాలాన్ని రెండు సెకన్ల నుంచి పదహారుకు పెంచితే అలారాలు తగ్గుతాయి, వార్డు ప్రశాంతంగా ఉంటుంది, చిన్న చిన్న పతనాలు తెర మీద నుంచి మాయమవుతాయి, పక్కపక్కన వచ్చినవి ఒకే పొడవైన పతనంగా అతుక్కుపోతాయి. బిడ్డలో మాత్రం ఏమీ మారదు. 1970లలో జపాన్‌లో టకువో అయోయాగి కనిపెట్టిన ఈ ఉపాయం ప్రపంచమంతటా ఎన్నో ప్రాణాలను కాపాడింది, అందులో సందేహం లేదు. దాన్ని ఏ అమరికలో పెట్టామో వార్డు పెద్దలకు తెలిసి ఉండాలి.

మన దేశంలో 2020లో 30 లక్షలకు పైగా బిడ్డలు నెలలు నిండకుండా పుట్టారని అంచనా. ప్రపంచంలో ప్రతి అయిదుగురిలో ఒకరికి పైగా మనవారే. జిల్లా ఆస్పత్రుల్లో నవజాత ప్రత్యేక వార్డులు వచ్చాక వీరిలో చాలామంది బతుకుతున్నారు. ‘ముందు బతకనివ్వండి, మెదడు సంగతి తర్వాత’ అనే మాట ఈ వార్డుల్లో వినిపిస్తుంది. పదిమందిని చూసుకొనే ఒక్క నర్సు ఆ మాట అంటే నేను తలవంచుతాను. కాని ప్రణాళికలు వేసేవారు అనకూడదు, ఎందుకంటే ప్రాణానికీ మెదడుకూ ఇక్కడ దారులు వేరు కావు. కెఫీన్ చవకైన మందు. తల్లి రొమ్ముల మధ్య బిడ్డను చర్మానికి చర్మం ఆనించి పట్టుకొనే కంగారూ సంరక్షణకు యంత్రమే అక్కరలేదు. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన పద్ధతి అది. భారత్‌తో సహా అయిదు దేశాల్లో, ఒక కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డలకు పుట్టిన వెంటనే దీన్ని మొదలుపెడితే ఇరవై ఎనిమిది రోజుల్లో మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయని 2021లో తేలింది. ఊపిరి, గుండె లయ కూడా తల్లి ఒంటి మీద ఎక్కువ నిలకడగా ఉంటాయని అనేక పరిశీలనలు చెప్పాయి, కొన్నిటిలో తేడా కనిపించలేదు. తేడా లేని చోట కూడా తల్లి చెయ్యి బిడ్డ వీపు మీద ఉంటుంది. ఊపిరి ఆగిందని అందరికంటే ముందు తెలిసేది ఆ చేతికి. వార్డు తలుపు దగ్గర తల్లిని ఆపి, రోజుకు రెండు గంటల ‘విజిటింగ్’ మాత్రమే ఇవ్వడం ఈ కారణంగా కూడా తప్పు.

ఇంకో మాట, ఊపిరి ఆగడం దానంతట అదే పోతుంది కదా అన్న ధీమా గురించి. పోతుంది, చాలామందిలో ముప్ఫై ఏడో వారానికి. మరీ ముందుగా పుట్టినవారిలో నలభై దాటాక కూడా ఉండవచ్చు. కెఫీన్ ఆపిన తర్వాత, అలారాలు మోగని బిడ్డల్లో కూడా చిన్న పతనాలు సాగుతూ ఉంటాయని రికార్డులు చూపించాయి. ఇంటికి పంపే రోజున మనం బరువు చూస్తాం, పాలు తాగుతున్నాడా చూస్తాం, కంటి పరీక్ష తేదీ రాస్తాం. ఆ బిడ్డ మెదడు ఇన్ని వారాల్లో ఎంత ముసురు తట్టుకొందో ఏ కాగితమూ చెప్పదు. అయిదేళ్లకు లెక్కలు ఎక్కడం లేదని, కుదురుగా కూర్చోడని, పెన్సిలు సరిగ్గా పట్టడని టీచరు అన్నప్పుడు దాన్ని అల్లరిగా లెక్కకడతారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఇవే లోపాలు పదే పదే నమోదయ్యాయని ఆ టీచరుకు చెప్పేవారు లేరు.

ఈ సభలో నవజాత వార్డులు నడిపేవారు ఉన్నారు, రేపు నడపబోయేవారు ఉన్నారు. మీ మానిటర్లలో చాలావాటి జ్ఞాపకంలో ఈ లెక్క ఇప్పటికే ఉంది. ఇరవై నాలుగు గంటల్లో శాచురేషన్ ఎనభై కింద ఎంతసేపు ఉంది, నిమిషం దాటిన పతనాలు ఎన్ని, ఈ రెండు అంకెలు రోజూ ఉదయం రౌండ్స్‌లో బరువుతో పాటు చదవండి. డిశ్చార్జి కాగితంలో వాటికి ఒక గడి పెట్టించండి, అవి ఎక్కువున్న బిడ్డను బడి ఈడు దాకా పిలిచి చూడండి.